మైత్రికి చెప్పిన మాట

ఆగయ్య కూతురు ఏం చదువుతోందో గోదావరిఖనిలో ఆయనతోపాటు పనిచేసేవాళ్లకు చాలాకాలం అంతుపట్టలేదు. ఇంజనీరింగ్ అంటే తెలుసు, నర్సింగ్ అంటే తెలుసు, బీఎడ్ అంటే తెలుసు. ఆగయ్య మాత్రం "బీఎస్సీ ఎల్‌ఎల్‌బీ" అనేవాడు. బొగ్గుబావి షిఫ్టుకు దిగేముందు, టోపీ దీపాలిచ్చే లాంప్ రూం దగ్గర నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

"గదేంది కాక? సైన్సా, లా నా? ఏదో ఒక్కటి జెప్పు."

"రెండూ. ఐదేండ్ల సదువు. ఒక్కటే పట్టా."

"మరి బయటికొచ్చినంక ఏమైతది?"

"వకీలైతది. కని సైన్సు ఎరుకైన వకీలు."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆగయ్య గొంతు కొంచెం పెరిగేది. ఆయన బసంత్‌నగర్ దగ్గరి కందికుంటపల్లిలో రైతుబిడ్డ. మీసాలు వచ్చీరాని వయసులో బావి పనికి వచ్చి, కార్మికుల క్వార్టర్లలో కాపురం పెట్టి, ఒక్కగానొక్క బిడ్డ రాజకుమారిని పెంచాడు. భార్య సారలమ్మకు బిడ్డ ఎంత చదివినా సరే, ఇంటికి దగ్గర్లో ఉంటే చాలు.

ఆ చదువు ఎంచుకున్నది రాజకుమారే. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఆమె మేనమామ కిషన్‌ను రాజీవ్ రహదారి మీద లారీ గుద్దింది. కాలు పోయింది. నష్టపరిహారం కేసు విచారణకు అవ్వ సారలమ్మతో కలిసి రాజకుమారి కూడా కోర్టుకు వెళ్లింది. లారీ నెమ్మదిగానే వస్తోందని అవతలి వకీలు వాదించాడు. రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోయిన గీతల ఫొటోలు ఫైలులోనే ఉన్నాయి. ఆ గీతల పొడవును బట్టి బ్రేకు వేసేటప్పటికి లారీ ఎంత వేగంలో ఉందో లెక్క కట్టవచ్చు. ఘర్షణ పాఠం రాజకుమారికి అప్పుడే అయింది. లేచి చెబుదామంటే ఆమెను అడిగేవాళ్లు లేరు. తమ వకీలు ఆ ఫొటోలవైపు చూడనే లేదు. ఇంటికొచ్చాక అవ్వతో, "మామ తరఫున మాట్లాడినాయనకు ఫిజిక్స్ రాదవ్వా. వస్తే కత వేరుండు," అంది. ఇంటర్ అయ్యాక స్నేహితురాళ్లందరూ ఇంజనీరింగ్ సీట్ల కోసం తిరుగుతుంటే తను ఈ చదువును వెతుక్కుంది.

కాలేజీ హైదరాబాద్ శివార్లలో ఉండేది. మొదటిరోజు లెక్చరర్ ఒక్కొక్కరినీ ఊరి పేరు అడిగాడు. రాజకుమారి "గోదావరిఖని" అనగానే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "అయ్యో, నాదీ అదే!" అని అరిచింది. క్లాసంతా నవ్వింది.

ఆ అమ్మాయి మైత్రి. వాళ్ల తాత తెనాలి వైపునుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తండ్రి రఘురామ్ ఇంజనీరు. ఆఫీసర్ల బంగళాల్లో పుట్టి పెరిగింది. రెండు ఇళ్ల మధ్య ఆటోలో వెళ్లేంత దూరమే అయినా పద్దెనిమిదేళ్లూ ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇప్పుడు హాస్టల్లో ఒకే గది దొరికింది.

చదువు ఇద్దరికీ చెరోవైపు కష్టమైంది. రాజకుమారి తెలుగు మీడియం. ఇంగ్లీషు తీర్పుల్లో ఒక్కో వాక్యం పేజీ దాటిపోతుంటే ఎక్కడ మొదలైందో మరిచిపోయేది. మైత్రి పక్కన కూర్చుని, "ఇదంతా వదిలేయ్. జడ్జిగారు అసలు చెప్పేది ఇక్కడుంది చూడు," అని వేలు పెట్టి చూపించేది. మైత్రికేమో ఫిజిక్స్ అంటే వణుకు. మార్కులు తక్కువై ఇంజనీరింగ్ రాక ఈ కోర్సులో చేరానని ఎవరికీ చెప్పుకునేది కాదు. ఇంట్లో ఇంజనీరు తండ్రి ముందు తలెత్తలేకపోతున్నానని రాజకుమారికి మాత్రం చెప్పింది. రాజకుమారి ఆమెకు ధ్వని, కాంతి, కంపనాలు అన్నీ చేతులు ఊపి, గిన్నెలు కొట్టి, తాడు ఆడించి నేర్పింది. మూడో సెమిస్టర్‌లో ఫిజిక్స్‌లో మంచి మార్కులు వచ్చిన రోజు మైత్రి ఆమెను వాటేసుకుని ఏడ్చింది.

కరోనా వచ్చి కాలేజీ మూసేసినప్పుడు పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. క్వార్టర్‌లో సిగ్నల్ సరిగ్గా అందేది కాదు. మైత్రి తనే ఫోన్ చేసి, "మా ఇంటికొచ్చేయ్ రాజీ, ఇద్దరం ఒకే లాప్‌టాప్‌లో చూద్దాం," అంది. అలా దాదాపు ఏడాదిపాటు రాజకుమారి ఆ బంగళాకు వెళ్లి చదువుకుంది. తిరిగి వచ్చేటప్పుడు మైత్రి గేటు దాకా వచ్చి, ఆటో కదిలేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. సారలమ్మ సకినాలు చేస్తే ఒక డబ్బా మైత్రికని పక్కన పెట్టేది.

నాలుగో సంవత్సరంలో కందికుంటపల్లి సంగతి వచ్చింది.

ఊరికి ఆనుకుని ఒక ప్రైవేటు కంకర క్వారీ ఉంది. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, తర్వాత రాయి పేలుతుంది. ఊళ్లో గోడలు పగులుతున్నాయి. ఆగయ్య వరసకు వదిన మల్లక్క ఇంట్లో అయితే వెనకగోడ పగులులోంచి పెరడు కనిపించేది. మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. ఆమె ముందుపడి, ఊళ్లో మరికొందరిని కూడగట్టి, పేలుళ్లు ఆపాలని కోర్టులో దావా వేయించింది. ఊరి తరఫు వకీలు సదానందం గోదావరిఖని కోర్టులో పాతకాపు, మంచివాడు. కానీ ఆయనకూ ఒకచోట దారి కనబడలేదు.

"పగుళ్ల ఫొటోలున్నయి బిడ్డా," అన్నాడు రాజకుమారితో. "కని గా పేలుడుతోనే పగిలిందని ఎవరు జెప్పాలె? వాళ్లేమంటున్నరు, మట్టిగోడలు, పాతిండ్లు, వాటంతట అవే పగిలినయంటున్నరు."

"కొలువచ్చు సార్," అంది రాజకుమారి. "పేలినప్పుడు నేల ఎంత అదురుతదో కొలిచే మిషిన్ మా కాలేజీల ఉన్నది. సర్కారు పెట్టిన హద్దు దాటితే దాటిందని తేలుతది."

ఆ మాట అన్నప్పుడు సదానందం ఆమెను కొత్తగా చూశాడు. ఐదేళ్ల చదువు దేనికో ఆ క్షణంలో తనకే మొదటిసారి పూర్తిగా అర్థమైందని రాజకుమారి తర్వాత చెప్పింది. ఫిజిక్స్ లెక్చరర్‌ను అడిగి దాన్నే తన ప్రాజెక్టుగా పెట్టుకుంది. వర్షాకాలంలో సెలవు దొరికినప్పుడల్లా యంత్రం సంచిలో పెట్టుకుని ఊరికి వెళ్లింది. అరచేతిలో పట్టే పెట్టెకు కింద మూడు మేకులు ఉంటాయి. వాటిని నేలలో గట్టిగా దిగ్గొట్టాలి. నేలా పెట్టే ఒక్కటిగా కదిలితేనే అంకె నిజమవుతుంది. మల్లక్క పెరట్లో, గోడకు దగ్గరగా దాన్ని పాతి, సైరన్ కోసం చూసేది.

అలా నాలుగుసార్లు కొలిచింది. రెండుసార్లు కంపనం హద్దు దాటింది. రెండుసార్లు హద్దు దగ్గరికి వచ్చి ఆగింది. ఐదోసారి వెళ్లేటప్పటికి ముసురు పట్టి పెరడంతా బురద. మల్లక్క నాట్లకు పోయింది, ఇంట్లో ఎవరూ లేరు. యంత్రం పాతి వెనక్కి జరిగిందో లేదో సైరన్ మోగింది. చూస్తుండగానే మేకులు మెత్తటి మట్టిలో వదులై పెట్టె ఒకపక్కకు ఒరిగింది. తీసి మళ్లీ పాతే వ్యవధి లేదు. రాజకుమారి మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో దాన్ని నేలకు అదిమిపట్టింది. పేలుడు అయింది. తెర మీద అంకె చూస్తే ముందటి నాలుగింటికంటే చాలా పెద్దది.

అది తప్పుడు అంకె అని ఆమెకు తెలుసు. చేతులు వణికినా, ఊపిరి అదిరినా పెట్టె కదులుతుంది. నేల ఎంత కదిలిందో, తను ఎంత కదిపిందో విడదీయడానికి వీల్లేదు.

ఆ సంగతి ఆమె ఒక్కరికే చెప్పింది. హాస్టల్ డాబా మీద ఇద్దరూ ఆరిన బట్టలు తీస్తున్నారు.

"అయితే ఆ రీడింగ్ తీసేయ్," అంది మైత్రి.

"తీసేస్తే ఎందుకు తీసినవని అడిగితే?"

"ఎవరడుగుతారే? నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?" అని మైత్రి నవ్వి, దుప్పటి రెండో కొస ఆమె చేతికిచ్చింది.

రాజకుమారి సదానందంతో ఆ ఐదోది వదిలేద్దామంది. కారణం మాత్రం చెప్పలేదు. సిగ్గేసింది. ఇంత చదివి మేకులు కూడా సరిగ్గా పాతలేదా అంటారని భయం. "గదే అన్నిట్లకన్న పెద్దది గద బిడ్డా, అది తీసేస్తెట్ల?" అన్నాడాయన. ఆమె మళ్లీ నోరెత్తలేదు. రిపోర్టులో ఐదూ చేరాయి. నేల తడిగా ఉందని ఒక మాట రాసింది. చేతుల సంగతి రాయలేదు.

ఐదో సంవత్సరం మొదట్లో మైత్రి, ఒక పేరున్న సీనియర్ దగ్గర ఇంటర్న్‌షిప్ దొరికిందని చెప్పింది. పేరు వెంకటరామయ్య. క్వారీ తరఫు వకీలు ఆయనే.

రాజకుమారి చదువుతున్న పుస్తకం మూసి ఆమె వైపు తిరిగింది.

"వేరే ఎవరూ పిలవలేదు రాజీ. ఆయన దగ్గర పనిచేస్తే ఎక్కడైనా పనికొస్తుంది," అంది మైత్రి. "ఆ ఫైలు నేను ముట్టుకోను. నీమీద ఒట్టు. మనిద్దరి మధ్య ఆ కేసు మాటే వద్దు."

"నువ్వు ఒట్టు పెట్టాల్సిన పని లేదే," అంది రాజకుమారి. నిజంగానే అలా అనుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. మామూలుగానే కలిసి తిన్నారు, కలిసి చదివారు, రామగుండం రైల్లో కలిసి వచ్చారు.

రాజకుమారి సాక్ష్యం చెప్పాల్సిన రోజు చలికాలంలో వచ్చింది. ఆ రోజు కందికుంటపల్లి వాళ్లు ట్రాలీ ఆటోలో కోర్టుకు వచ్చారు. ఆగయ్య డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మల్లక్క ముందు బెంచీలో చోటు సంపాదించింది. క్వారీ వైపు కుర్చీల్లో వెంకటరామయ్య, ఆయన వెనక ఇద్దరు జూనియర్లు, వాళ్ల పక్కన తెల్ల చుడీదార్‌లో మైత్రి. రాజకుమారి ఆమెను చూసి చిన్నగా నవ్వింది. మైత్రి ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూస్తోంది.

రాజకుమారి బోనెక్కింది. సదానందం అడిగినవన్నీ చెప్పింది. యంత్రం ఎలా పనిచేస్తుందో, హద్దు ఏమిటో, అంకెలు ఏమిటో జడ్జిగారికి అర్థమయ్యేలా తెలుగులో వివరించింది. జడ్జిగారు మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడిగి రాసుకున్నారు. వెనక ఆగయ్య మెడ చాచి వింటున్నాడు.

వెంకటరామయ్య లేచాడు. నెమ్మదైన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

"మీరు సైన్సూ లా రెండూ చదువుతున్నారు. అవునా అమ్మా?"

"అవును సార్."

"చాలా సంతోషం. మా రోజుల్లో ఇలాంటి చదువు లేదు. అయితే యంత్రం నేలకు గట్టిగా పట్టి ఉండాలన్న సంగతి మీకు బాగా తెలిసి ఉంటుంది."

"తెలుసు సార్."

"ఐదోసారి కొలిచిన రోజు నేల తడిగా ఉందని రాశారు. మేకులు నిలబడ్డాయా?"

"కొంచెం వదులైనయి సార్."

వెంకటరామయ్య కాగితం మీదినుంచి తల ఎత్తాడు.

"పేలుడు జరిగినప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయమ్మా?"

హాల్లో ఎవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. మల్లక్క పక్కవాళ్ల వైపు చూసింది. సదానందం కళ్లద్దాలు సర్దుకున్నాడు. రాజకుమారికి మాత్రం అర్థమైంది. ఆ రోజు ఆ పెరట్లో మరో మనిషి లేడు. ఆమె ఆ సంగతి లోకంలో ఒక్కరికే చెప్పింది. తల తిప్పి చూసింది. మైత్రి కిందికే చూస్తోంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"చెప్పండమ్మా."

"మిషిన్ మీద ఉన్నయి సార్."

"అంటే?"

"అదిమి పట్టుకున్న."

"ఈ సంగతి రిపోర్టులో రాశారా?"

"లేదు."

"మీ వకీలుగారికి చెప్పారా?"

"లేదు."

"మిగతా నాలుగుసార్లు కూడా అలాగే పట్టుకున్నారా?"

"లేదు సార్! గవి మంచిగ పాతిన. గట్టి నేల అది." ఆమె గొంతు పెరిగింది.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అంటే, మీరు చెబితే మేం నమ్మాలి." వెంకటరామయ్య జడ్జిగారి వైపు తిరిగి, "నాకు ఇంకేమీ అడిగేది లేదు," అని కూర్చున్నాడు.

బోను దిగి వస్తుంటే రాజకుమారికి తన అడుగుల చప్పుడు తనకే వినిపించలేదు. బయట వరండాలో మల్లక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు వట్టుకున్నవ్ బిడ్డా దాన్ని? వట్టుకుంటే వట్టుకున్నవ్, గా ముచ్చట మాకెందుకు జెప్పలే? వాళ్ల వకీలుకెట్ల ఎరుకైంది మరి?"

వెనకనుంచి ఊరివాళ్లలో ఒకరు, "అమ్ముడు వోయిందిరా పిల్ల. లేకుంటే గంత సాఫుగ ఎట్లొప్పుకుంటది?" అనడం రాజకుమారికి వినిపించింది. ఆగయ్యకూ వినిపించింది. ఆయన ఆ మనిషి మీదికి పోలేదు, కూతురి వైపూ చూడలేదు. ఆటో స్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

మైత్రి బండ్లు నిలిపే చోట ఒంటరిగా ఉంది. రాజకుమారి నేరుగా అక్కడికి వెళ్లింది.

"ఎందుకు జెప్పినవ్?"

"నేను కావాలని చెప్పలేదు రాజీ." మైత్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయన నన్ను పిలిచి, నువ్వు సైన్సు చదివావు కదా, ఈ రిపోర్టులో లోపం ఎక్కడుందో చూడమన్నారు. నేల తడి అని చెప్పాను. అది చాలదు, ఇంకా ఆలోచించమన్నారు. అంతమంది జూనియర్లుండగా నన్నే అడిగారు. నాకు ఫిజిక్స్ వచ్చని జీవితంలో మొదటిసారి ఒకరు అనుకున్నారు. నోటికొచ్చేసింది."

"ఫైలు ముట్టనన్నవ్."

"ముట్టలేదు. ఆయన చదివి వినిపించారు."

ఆ జవాబు విని రాజకుమారి నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లు పక్కపక్క మంచాల మీద పడుకున్న మనిషి తనతో వకీలులా మాట్లాడుతోంది.

"నీకు ఫిజిక్స్ నేర్పింది నేనే గద మైత్రీ."

మైత్రి కళ్లు తుడుచుకుంది. ఈసారి గొంతు గట్టిపడింది. "నేను అబద్ధం చెప్పలేదు. తప్పుడు రీడింగ్ పెట్టింది నువ్వు. నేను తీసేయమన్నాను."

అది నిజం. మోసపోయిన మనిషికి కనీసం తను ఏ తప్పూ చేయలేదన్న ధైర్యమైనా ఉండాలి. రాజకుమారికి అదీ మిగల్లేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఇంట్లో ఆగయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"అబద్ధం ఆడలే. అది మంచిగనే జేసినవ్. కని గా బంగళాల పిల్లకు జెప్పిన మాట మాకు జెప్పక పోతివి. నేను నీ బాపును గద."

"నువ్వు చిన్నబుచ్చుకుంటవని బాపూ. అందరికి గొప్పగ జెప్పుకున్నవని..."

"ఇప్పుడు చిన్నబుచ్చుకోలేదా?" అన్నాడు ఆగయ్య. సారలమ్మ మధ్యలో వచ్చి ఇద్దరికీ మజ్జిగ పోసింది. కూతురు కాలేజీకి వెళ్లాక ఆ సంవత్సరం ఆమె సకినాలు చేయలేదు.

కాలేజీకి తిరిగి వెళ్లి రాజకుమారి గది మార్చుకుంది. ఆఖరి సెమిస్టర్ అంతా మైత్రి క్లాసులో అటు చివర, ఆమె ఇటు చివర. మిగతావాళ్లు ఏమైందని అడిగి అడిగి మానేశారు. ఒకరోజు సాక్ష్యాధారాల చట్టం మళ్లీ చదువుకుంటుంటే పాత పాఠం ఒకటి కంటబడింది. కక్షిదారు వకీలుకు చెప్పిన మాటకు చట్టం కాపలా ఉంది. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్న మాటకూ ఉంది. స్నేహితురాలికి చెప్పుకున్న మాటకు లేదు. రెండేళ్ల కింద ఆ పాఠం ఇద్దరూ కలిసే చదివారు. పరీక్షలో వస్తుందని మైత్రి ఆమె చేత గట్టిగా చెప్పించింది కూడా. రాజకుమారి పుస్తకం మూసి, లైబ్రరీలోనే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

పరీక్షలకు ముందే తీర్పు వచ్చింది. పేలుళ్లవల్లే ఇళ్లు పగిలాయని రుజువు కాలేదని దావా కొట్టేశారు. మిగతా నాలుగు రీడింగులనూ నమ్మలేదు. కొలిచిన మనిషే ఒకచోట దాచింది కాబట్టి మిగతావి ఎలా నమ్మాలన్నది ప్రశ్న. తీర్పు చదివి రాజకుమారి తప్పు పట్టలేకపోయింది. జడ్జి స్థానంలో తనున్నా అదే రాసేదాన్నని అనుకుంది. క్వారీలో సైరన్ రోజూ మోగుతూనే ఉంది. మరుసటి వానల్లో మల్లక్క వెనకగోడ కూలింది. అదృష్టవశాత్తు ఆమె పొలంలో ఉంది. ఇప్పుడు ముందుగదికి రేకులు కట్టుకుని ఉంటోంది.

పట్టా చేతికొచ్చాక రాజకుమారి హైదరాబాద్‌లో ఉండిపోదామనుకుంది. గోదావరిఖని కోర్టు మెట్లెక్కాలంటే కాళ్లు రావడం లేదు. సదానందమే ఇంటికి వచ్చి పిలిచాడు.

"నా తప్పు కూడ ఉన్నది బిడ్డా. వద్దంటె ఎందుకొద్దంటున్నవని నేనన్న అడగాలె. అడగలే. పెద్ద అంకె జూసి ఆశపడ్డ. నా దగ్గరికి రా, పని నేర్చుకో."

బార్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యాక ఆమె ఆయన దగ్గరే చేరింది. ఎక్కువగా రోడ్డు ప్రమాదాల కేసులు చూస్తుంది. టైరు గీతలు, అద్దం ముక్కలు పడిన దూరం, బండి సొట్టలు ఆమెకు బాగా తెలుసు. అవతలి వకీళ్లు ఇప్పుడు ఆమె ఉందంటే కొంచెం జాగ్రత్తగానే వస్తారు. ఎక్కడ ఏది కొలిచినా పక్కన ఇద్దరిని నిలబెట్టుకుంటుంది. పొరపాటు జరిగితే అక్కడే, వాళ్ల ముందే పైకి చెబుతుంది. తన క్లయింట్లకు కూడా మొదట చెప్పేది అదే. "నాకు మంచిది ఆఖర్న జెప్పు. మనకు నష్టమయ్యే ముచ్చట ఏమున్నదో అది ముందుగాల జెప్పు."

కందికుంటపల్లి కేసు మీద అప్పీలు వేయడానికి ఊళ్లో మొదట ఎవరూ ముందుకు రాలేదు. ఆమె వెళ్తే కొన్ని ఇళ్లలో కూర్చోమని కూడా అనలేదు. నాలుగుసార్లు తిరిగాక మల్లక్క ఒక్కతే సరేనంది. అప్పీలు పడింది. కోర్టు నియమించిన నిపుణుడితోనే కొలిపించాలని కోరారు. అది ఇంకా నడుస్తోంది. ఆ కాగితాలన్నీ రాజకుమారే తయారుచేసింది. ముందటి విచారణలో సాక్షిగా నిలబడ్డ మనిషి కాబట్టి వాదించేది మాత్రం సదానందం. ఆమె వెనక కుర్చీలో కూర్చుంటుంది.

పట్టా అయ్యాక మైత్రి వెంకటరామయ్య ఆఫీసులోనే చేరింది. అదే కోర్టు, అవే వరండాలు. ఇద్దరూ ఎదురుపడితే పక్కకు తప్పుకునేవారు. పోయిన ఎండాకాలం ఒకరోజు మైత్రి తప్పుకోలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్న రాజకుమారి ముందుకు వచ్చి నిలబడింది.

"ఆయన దగ్గర మానేశాను రాజీ."

రాజకుమారి తల ఎత్తి చూసింది.

"అప్పటినుంచీ ఆయన నాకు ముఖ్యమైన ఫైలు ఒక్కటీ ఇవ్వలేదు. ఎందుకో మొన్న అడిగాను. నవ్వి ఊరుకున్నారు. నాకు అర్థమైంది, నీ మాట దాచలేనిదాన్ని ఇంకెవరి మాట దాస్తానని. నువ్వు నన్ను తిట్టు. కొట్టు. ఏదైనా చెయ్. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు. మళ్లీ కలిసి పనిచేద్దాం."

రాజకుమారి ఆమెకు పక్కన చోటిచ్చింది. మైత్రి చిక్కిపోయింది. ఆ చెయ్యి పట్టుకోవాలని రాజకుమారికి అనిపించింది. పట్టుకోలేదు.

"కోపం లేదే," అంది చివరికి. "మొదట్ల ఉండె, ఇప్పుడు లేదు. కని నీ ముందల నోరు తెరవాలంటె భయమైతది. ఏదన్న జెప్పబోతున్న అనంగనే, ఇది ఎక్కడికి వోతదో అని ఆలోచన వస్తది. అట్లాంటి మనిషి తోటి కలిసి ఎట్ల పనిజేస్త?"

లోపల రాజకుమారి కేసు పిలిచారు. ఆమె గౌను సర్దుకుని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి బెంచీ మీద వేరే ఎవరో ఉన్నారు. మైత్రి ఇప్పుడు కొత్తగూడెంలో ఎవరి దగ్గరో చేరిందని వినికిడి.

ఈమధ్య అప్పీలు కాగితాల మీద వేలిముద్ర వేయడానికి మల్లక్క ఆఫీసుకు వచ్చింది. పని అయిపోయినా లేవలేదు. చాలాకాలంగా అడగాలనుకున్న మాట అడిగింది.

"బిడ్డా, గారోజు చేతులు మిషిన్ మీద లెవ్వు అనొచ్చు గద. చూసినోళ్లు ఎవ్వరు లేకపాయె. నేను నాట్లకు వోతి. ఒక్క మాట అంటె అయిపోవు గద, ఎందుకనలే?"

"మైత్రి అక్కడ్నే కూసున్నది పెద్దమ్మా. ఆమెకు ఎరుకే."

"ఆ పిల్ల లేకుంటె?"

రాజకుమారి టేబుల్ మీద కాగితాలు సర్దుతూ ఆగిపోయింది. తను నిజం చెప్పిందని ఆగయ్య ఒకసారి, సదానందం ఒకసారి మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమె ఎన్నడూ పూర్తిగా తీసుకోలేకపోయింది. నిజం కోసం చెప్పిందా, నిజం తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నందుకు చెప్పిందా? మైత్రి చెప్పకుండా ఉండి ఉంటే కోర్టులో ఆ చేతుల ప్రశ్నే వచ్చేది కాదు. వచ్చి ఉంటే, ఆమె అక్కడ లేకుండా వచ్చి ఉంటే, తను ఎలాంటి మనిషో తనకే తెలిసేది.

"గదే తెల్వది పెద్దమ్మా," అంది. "తెలుసుకోవాలంటె గూడ ఇగ తొవ్వ లేదు."

మల్లక్కకు అర్థమైందో లేదో, బసంత్‌నగర్ బస్సుకు వేళవుతోందని లేచింది. రాజకుమారి ఆమె సంచి అందుకుని, బస్టాండు దాకా వస్తానని చెప్పులు వేసుకుంది.